మూగమనసులు: దుఃఖానికి మరుజన్మ సమాధానమా?

మరణించినవారు ఎక్కడికి పోవుదురన్న ప్రశ్న శాస్త్రాలలో ఒక విధంగానూ, చావు జరిగిన ఇంటిలో మరొక విధంగానూ వినిపిస్తుంది. శాస్త్రంలో అది తత్త్వవిచారణ. దానికి తొందర లేదు. వాదప్రతివాదాలతో వేయి సంవత్సరాలైనా నడువవచ్చును. ఇంటిలో అట్లు కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ రాత్రి గడవాలి. ఆమె అడిగేది సిద్ధాంతం కాదు, తెల్లవారేదాకా పట్టుకొని కూర్చుండటానికి ఒక ఆసరా. ఆ ఆసరాను ఇవ్వబోయి మనం చెప్పే మాటలలో నిజమెంత, అబద్ధమెంత, ఆ మాటల బరువు చివరకు ఎవరి నెత్తిన పడుతున్నది అన్న విషయాన్ని ఒక చలనచిత్రాన్ని ఆధారం చేసుకొని విచారించవలెనని ఈ వ్యాసం.

ఆ చిత్రం 1964లో విడుదలైన ‘మూగమనసులు’. మన గోదావరి మీద, మన గోదావరి వారు కల్పించిన కథ అది. దర్శకులు ఆదుర్తి సుబ్బారావుగారిది రాజమహేంద్రవరం. సంభాషణలు వ్రాసిన ముళ్ళపూడి వెంకటరమణగారు ధవళేశ్వరంలో జన్మించినవారు. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున ముఖ్యపాత్రధారులు. కె.వి. మహదేవన్ సంగీతం. ఆదుర్తివారే దీనిని 1967లో హిందీలో ‘మిలన్’ అను పేరుతో తీసినారు. 1971లో సావిత్రిగారు స్వీయదర్శకత్వంలో తమిళంలో ‘ప్రాప్తం’గా తీసినారు. ఇన్ని భాషలవారు ఆదరించిన ఈ కథకు మూలబీజం ఒక్కటే: ఈ జన్మలో కలియలేక మరణించిన ఇద్దరు మరుజన్మలో దంపతులై, తాము మునిగిన చోటికే తిరిగి రావటం.

మన సమాజంలో ఇట్టి కథలను గూర్చి ఒక ఆక్షేపణ ఉన్నది. ఒక శివరాత్రి జాగరణ వేళ, మాటల మధ్యలో ఈ చిత్రం ప్రస్తావనకు రాగా, ఒక జంగమ పెద్ద ఇట్లన్నారు: “లింగం కట్టుకున్నవాడికి మళ్ళీ పుట్టుకేమిటయ్యా? గోపి పుట్టాడు, రాధ పుట్టింది అని మనవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూ ఉంటే నాకు నవ్వొస్తుంది.” ఆయన మాటలో శాస్త్రదోషం లేదు. మనకు దేహాంతం లింగైక్యం. నది సముద్రంలో కలిసిన తరువాత ఈ నీరు ఫలానా పాయదని వేరు చేయలేము. అందుచేతనే మన ఆచారం దేహాన్ని దహనం చేయదు. కూర్చుండబెట్టి, ఇష్టలింగాన్ని ఎడమ అరచేత ఉంచి, విభూతితో సమాధి చేస్తాము. మరణసూతకం పాటించము. తద్దినాలు లేవు. 2015లో గోదావరి పుష్కరాలు వచ్చినపుడు రేవులన్నింట లక్షలాది మంది తమ పితరులకు పిండప్రదానాలు చేసినారు. మనవారు స్నానం చేసి వచ్చినా, మన ధర్మం ప్రకారం ఆ ఒడ్డున మనం పెట్టవలసిన పిండం లేదు.

అయినప్పటికి ఈ ఆక్షేపణ తేలికయైనదని నా అభిప్రాయం. కథను చూచి ఏడ్చేవాడు సిద్ధాంతాన్ని ఒప్పుకొని ఏడ్వడు. అక్కినేనివారు తాము నాస్తికులమని దాచుకొనక చెప్పుకొన్నవారు. అట్టివారు ఈ చిత్రంలో రెండు జన్మల గోపిగా నటించి లోకాన్ని నమ్మించినారు. అర్ధశతాబ్ది తరువాత, వారు మరణించిన 2014వ సంవత్సరంలోనే విడుదలైన ‘మనం’ కూడ జన్మాంతర కథయే. నమ్మనివారు అంత నిజాయితీతో నటించగలిగినపుడు, నమ్మనివారు నిజాయితీతో కంటతడి పెట్టటంలో వింత లేదు. మనకు మాత్రం చచ్చినవారు లేచివచ్చే కథలు కొత్తవా? సిరియాళుని కథ విని కరగని శివభక్తుడు లేడు. జంగమునకు వండిపెట్టిన కొడుకును పేరు పెట్టి పిలువగా వాడు పరుగెత్తుకొని వచ్చినాడని వినునప్పుడు మన కన్ను చెమ్మగిల్లేది దేహశాస్త్రాన్ని నమ్మి కాదు, ఆ తల్లి పిలుపును విని. రసాలన్నింటికి మూలం కరుణమే అన్న భవభూతి పక్షం ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది.

కావున ‘మనకు పునర్జన్మ లేదు గనుక ఈ చిత్రం మనది కాదు’ అనుట సరికాదు. అడుగవలసిన ప్రశ్న వేరు. ఈ కథ మరుజన్మను ఏ పనికి వాడుకొన్నది? అది ఎవరిని ఓదార్చినది, ఎవరి లెక్కను మాఫీ చేసినది?

కథను తెలియని చిన్నవారి కోసం సంగ్రహంగా చెప్పుతాను. కొత్తగా వివాహమైన గోపీనాథ్, రాధ అను దంపతులు గోదావరి మీద పడవలో విహరిస్తుండగా ఒకచోట సుడి కనబడుతుంది. అది చూడగానే వరునికి ఏదో పూర్వస్మృతి కదిలి కేకలు వేస్తాడు. ఒడ్డుకు చేరి విచారిస్తే అక్కడ రెండు సమాధులు, వాటిని కనిపెట్టుకొని ఉన్న ఒక ముసలిది కనబడుతారు. ఆమె పేరు గౌరి. ఆమె చెప్పిన కథయే చిత్రం. పూర్వం గోపి పడవవాడు. జమీందారు కుమార్తె రాధను రోజూ ఏరు దాటించి చదువుకు చేరవేసేవాడు. ఆమెను ‘అమ్మాయిగారూ’ అని తప్ప పిలిచి ఎరుగడు. మనసులో ఉన్నది ఇద్దరూ పైకి చెప్పుకొనలేదు కనుకనే చిత్రానికి ఆ పేరు. రాధకు సాటి ఇంటిలో వివాహమైనది. కొద్దికాలానికే భర్త మరణించినాడు. తిరిగి పుట్టిల్లు చేరిన ఆమెకు గోపి సానుభూతి ఒక్కటే దిక్కు. ఊరు దానికి అపవాదు అంటగట్టినది. తరుముకొని వచ్చే ఊరి నుండి పడవలో పారిపోతూ ఆ ఇద్దరూ సుడిలో పడి మునిగిపోయినారు. గోపిని ప్రేమించిన గౌరి ఒడ్డున మిగిలిపోయినది.

1974లో రాజమహేంద్రవరం కొవ్వూరుల మధ్య రోడ్డు రైలు వంతెన వచ్చిన తరువాత పుట్టిన పిల్లలకు, రోజూ ఒకే పడవవాడు ఒకే పిల్లను ఏరు దాటించటంలోని చనువు అర్థమగుట కష్టం. లంకలలో, వసిష్ఠ ఒడ్డున పెరిగిన పెద్దలకు చెప్పనక్కర లేదు. పడవవానికి ప్రతి ఇంటి సంగతి తెలుసు. ఎవరు పుట్టింటికి సంతోషంగా వస్తున్నారో, ఎవరు మరల తిరిగి పోవటానికి వీలులేకుండ వస్తున్నారో రేవులోనే తెలిసిపోవును. రాధ పసుపు కుంకుమలతో ఎక్కిన పడవలోనే తెల్లచీరతో దిగుట మనవారికి కల్పనగా తోచకపోవటానికి కారణం ఇదే.

ఇక సుడి మాట. గోదావరి సుడి సినిమాలోని బొమ్మ కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అను పడవ దేవీపట్నం దాటి కచ్చులూరు వద్ద మునిగి యెందరో జలసమాధి అయిన సంగతి మనమింకా మరువలేదు. వరద ఉధృతిలో, ఎంతో లోతున ఇసుకలో కూరుకొనిపోయిన ఆ పడవను అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయినారు. ధర్మాడి సత్యంగారి బృందం కాకినాడ నుండి వచ్చి ఆ పని చేసినది. అన్ని వారాలు బంధువులు దేనికోసం ఎదురుచూచినారు? బ్రతికివస్తారని కాదు, ఆ ఆశ మొదటి రెండు మూడు రోజులలోనే పోయినది. దేహం కోసం. ఒక్కసారి ముఖం చూచి, తమ ఆచారం ప్రకారం సాగనంపటం కోసం. మరుజన్మలో ఏ రూపంతో వచ్చినా సరేనని ఎవరూ ఇంటికి వెళ్ళిపోలేదు. దుఃఖానికి కావలసినది ఈ ముఖమే, ఈ చేయే, ఈ గొంతే. ‘ఆత్మ నశింపదు’ అను వాక్యం ఎంత సత్యమైనా ఆ ఒడ్డున దానిని వినగలిగేవారు ఉండరు.

ఈ సంగతి మూగమనసులు తీసినవారికి తెలుసును. వైధవ్యంతో కుమిలిపోతున్న రాధ యెదుట గోపి పాడే పాటను చూడండి. ఆత్రేయగారి రచన, ఘంటసాలగారి గళం. జోలపాట వంటిది. ఆ పాటలో గోపి ముందుగా కోరేది ఆమెకు కాస్త కునుకు పట్టాలని. ఆ తరువాత కన్నీటికి కూడ ఒక ప్రయోజనమున్నదని చెప్పుతాడు. మనుష్యులు పోయినా మనసులు మిగులుతాయనీ, జన్మజన్మల బంధమనీ చెప్పటం అంతా అయిన తరువాతనే. చదువుకోని పడవవానికి ఈ క్రమం ఎట్లు తెలిసినదో గాని, పరామర్శకు పోయే పండితులమైన మనకు తెలియదు. మనం గడపలో అడుగు పెడుతూనే గీతలో మొదలుపెడతాము. మూడు దినాలుగా నిద్రలేని మనిషికి వేదాంతం చెప్పేవాడు ఆమెను ఓదార్చటం లేదు, తన ఇబ్బందిని తీర్చుకొంటున్నాడు.

కొన్నేండ్ల క్రిందట మా బంధువర్గంలో ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళినాను. ముప్పదియేండ్ల కుమారుడు రోడ్డు ప్రమాదంలో పోయినాడు. అతని భార్యకు ఇరువదియారేండ్లు. మూడేండ్ల కొడుకు. నేను వెళ్ళునప్పటికి నెల దాటినది. ఆ తల్లి నన్ను వసారాలో కూర్చుండబెట్టి గొంతు తగ్గించి అడిగినది. “మాస్టారూ, మా పెద్దమ్మాయికి నెల తప్పింది. వాడే మళ్ళా వస్తున్నాడని చుట్టుపక్కలవాళ్ళంతా అంటన్నారు. మన వాళ్ళలో అలా అనుకోకూడదు కదండీ?”

అనుకోకూడదని చెప్పటానికి నాకు నోరు రాలేదు. అవునని చెప్పటానికి మనసొప్పలేదు. “వచ్చే బిడ్డ ఎవరైనా రానీయండి అక్కయ్యగారూ. మీ కోడలు రాత్రిపూట నిద్రపోతున్నదా?” అని అడిగినాను. ఆమె కొంచెంసేపు ఊరకుండి, “ఏమోనండి, నేను చూళ్ళేదు” అన్నది. ఆ నెల రోజులలో ఆ ఇంటిలో వచ్చినవారందరు పోయినవాని రాకను గూర్చి మాట్లాడినారు. ఉన్న పిల్ల ఏ గదిలో ఉన్నదో ఎవరూ చూడలేదు. ఆ తల్లిని తప్పుపట్టుట నా ఉద్దేశం కాదు. ఆమె దుఃఖం ఆమెకు కన్నులు కప్పినది. కాని ఆమె చుట్టూ చేరి మరుజన్మ మాట చెప్పినవారికి ఆ దుఃఖం లేదు. వారు చూడవలసినది, చూడలేదు.

ఇది ఒక ఇంటి సంగతి మాత్రమే కాదనిపించి భారతం తిరగవేసినాను. తిక్కనగారు తెనిగించిన పదునైదు పర్వాలలో ఆశ్రమవాసపర్వం ఒకటి. యుద్ధం ముగిసి ఏండ్లు గడచిన తరువాత ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో తపస్సు చేసుకొంటూ ఉంటారు. పుత్రశోకం మాత్రం పాతబడలేదు. వ్యాసమహర్షి కరుణించి, కురుక్షేత్రంలో మడిసిన వీరులనందరిని ఒక్క రాత్రికి గంగలో నుండి పైకి రప్పిస్తాడు. దుర్యోధనుడు వచ్చినాడు, కర్ణుడు వచ్చినాడు, అభిమన్యుడు వచ్చినాడు. పగలు లేవు, పట్టింపులు లేవు. కన్నవారు బిడ్డలను చూచుకొన్నారు. తెల్లవారగానే వారందరు నీటిలో కలిసి మాయమైనారు. దుఃఖాన్ని గూర్చి లోకంలో ఇంతకన్న గొప్ప కల్పన ఉన్నదని నేననుకొనను. ఒక్క రాత్రి ఇచ్చినాడు గాని రెండవది ఇవ్వలేదు కదా, అక్కడ ఉన్నది ఋషి హృదయం.

కాని దాని తరువాత జరిగినది మనవారు పురాణకాలక్షేపాలలో వేగంగా దాటవేస్తారు. భర్తల లోకాలకు పోదలచిన స్త్రీలు గంగలో ప్రవేశింపవచ్చునని వ్యాసుడు చెప్పగా, ఆ వితంతువులు మునిగి దేహాలు విడిచినారు. వృద్ధులకు పుత్రదర్శనం, యువతులకు జలప్రవేశం. పరలోకం నుండి వచ్చిన ఒక్క రాత్రి ఓదార్పుకు మూల్యం చెల్లించినవారు ఎవరో చూడండి. మూగమనసులు చిత్రంలోని రాధ కూడ చివరకు చేరినది నీటిలోకే.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. గోపి రాధలు ఆ జన్మలోనే దంపతులు కావటానికి అడ్డు వచ్చినది ఏమిటి? విధి కాదు. గోదావరి కాదు. రాధ వితంతువు, గోపి పడవవాడు. ఊరు ఆ రెండింటిని కలిపి చూడలేదు, అంతే. ఆ ఊరికి కోపం వచ్చినది, తరిమినది, వారు చచ్చినారు. దీనిని హత్య అనటానికి సందేహించనక్కర లేదు. చిత్రం ఈ సంగతిని దాచలేదు. కాని మరుక్షణంలో, ఇదిగో వారే మరల పుట్టి, నూతనవస్త్రాలతో, పెద్దల సమ్మతితో దంపతులై వచ్చినారని చూపుతుంది. ప్రేక్షకుడు నిట్టూర్చి, కన్నులు తుడుచుకొని ఇంటికి వెళ్తాడు. అతని కోపం ఏమైనది? సుడిలో కలిసిపోయినది. మరుజన్మ ఇక్కడ చచ్చినవారికి చేసిన ఉపకారం కన్న ఊరికి చేసిన ఉపకారం ఎక్కువ. అపవాదును పుట్టించటానికి ఒక దుష్టపాత్రను ప్రత్యేకంగా ఏర్పరచుట కూడ అటువంటిదే. దుర్మార్గుడొకడు ఉన్నాడు గనుక ఊరివారందరు మంచివారై బయటపడతారు. ఇది ఈ చిత్రంలో నాకు నచ్చని భాగం. మధ్యలోని హాస్యం సంగతి వదలివేస్తున్నాను, అది ఆనాటి చిత్రాలకు కట్టవలసిన పన్ను.

ఇది 1964 నాటి ప్రేక్షకులకు అంతకన్న చెప్పరాదని కొందరంటారు. అనవచ్చును. కాని ఆ కథ నడచిన గోదావరి ఒడ్డుననే, రాజమహేంద్రవరంలో, 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినారు. చట్టం 1856లోనే వచ్చినది. చట్టాన్ని ఇంటి పెండ్లిపందిరిలోకి తెచ్చినవారు ఆయన. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి ఆదుకొన్నారు. బడిపిల్లలు కాపలా కాసినారు. ఊరు వెలివేసినది. వంటవారు, నీళ్ళు మోసేవారు మానివేయగా భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె పట్టుకొని నీళ్ళు తెచ్చి, వచ్చినవారందరికి వండిపెట్టినారు. వీరేశలింగంగారు కూడ తెలుగు పండితులే. మా వృత్తివారు గర్వపడవలసిన సంగతి గనుక చెప్పుకొంటున్నాను. ఆయన ఆ బాలవితంతువుతో ‘అమ్మా, మరుజన్మలో నీకు మంచి జరుగును’ అని చెప్పి ఊరుకొని ఉండవచ్చును. ఊరు ఆయనను పూజించి ఉండేది. ఎనభై యేండ్లు దాటిన తరువాత అదే ఒడ్డున తీసిన చిత్రానికి ఒక వితంతువు మెడలో తాళి కట్టించటానికి ఆమెను ముంచి, మరల పుట్టించవలసి వచ్చినది. రాజ్యలక్ష్మమ్మగారి బిందె నీటిలో ఉన్న ధైర్యం ఆ సుడిలో లేదు.

మన శరణుల మార్గం ఈ విషయంలో ఏ పక్షాన ఉన్నదో నాకు సందేహం లేదు. దేవలోకం మర్త్యలోకం అని రెండు వేరువేరు ఊళ్ళు లేవనీ, మనిషి సత్యంతో నడిస్తే ఉన్నచోటే అది, తప్పితే ఇదీ అనీ బసవేశ్వరుని బోధ. కల్యాణపట్టణంలో హరళయ్య కొడుకునకు మధువరసు కుమార్తెనిచ్చి వివాహం చేసినారని మన సంప్రదాయం చెప్పుతున్నది. ఒకరు చెప్పులు కుట్టినవారు, మరొకరు బ్రాహ్మణ్యం నుండి వచ్చినవారు. ఫలితంగా బిజ్జలుని చేత తండ్రులిద్దరికి ఘోరమైన మరణశిక్ష పడినది. ఆ పెండ్లికి శరణులు ఎంత వెల చెల్లించినారో మనకు తెలుసు. మరుజన్మకు వాయిదా వేసి ఉంటే కల్యాణంలో రక్తం పారేది కాదు. వారు వాయిదా వేయలేదు. గోపి రాధల కథను ఆ అనుభవమంటపంలో చెప్పి ఉంటే, ‘ఈ జన్మలో ఏమైనది మీకు?’ అని అడిగి ఉండేవారని నేను అనుకొంటాను. వితంతువు పునర్వివాహం కన్నడనాట మనవారిలో చిరకాలంగా ఉన్న ఆచారమే. ఈ డెల్టాలోకి వచ్చిన తరువాత మనం పొరుగువారి మర్యాదలను అరువు తెచ్చుకొని, మన మర్యాదను అటక మీద పెట్టినట్లు కనబడుతున్నది. సూతకం లేదని చెప్పుకొనే ఇండ్లలోనే భర్త పోయిన పిల్లను శుభకార్యంలో వెనుక గదిలో ఉంచటం నేను చూచినాను. లింగం కట్టిన మెడకు ముత్తైదువ అనీ, కానిదనీ తేడా ఎక్కడిది?

ఇంత చెప్పి, ఈ చిత్రాన్ని చూడవద్దని చెప్పబోవటం లేదు. చూడవలెననియే నా మాట. ఎందుకంటే ఇందులో గౌరి ఉన్నది.

గౌరి పాత్రను జమునగారు ధరించినారు. హిందీలోనూ వారే ధరించి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటి బహుమానం పొందినారు. గౌరిని గూర్చి ఎక్కువమంది మాట్లాడే సంగతి ఆమె అల్లరి, ఆమె పాట, ఆమె చీరకట్టు. నాకు మాత్రం ఆ ముసలి గౌరి ముఖమే చిత్రం. ఆమె కోరిన మనిషి ఆమెకు దక్కలేదు. అతడు మరొకరితో కలిసి మునిగిపోయినాడు. ఆ ఇద్దరికి సమాధులు కట్టి, దీపం పెట్టి, పువ్వులు చల్లి, ఒక జీవితకాలం కాపలా కూర్చున్నది. గోపి మరల పుట్టినాడు. రాధ మరల పుట్టినది. వారికి యౌవనం మరల వచ్చినది. గౌరికి రాలేదు. ఆమె ఆ ఒక్క జన్మలోనే ముసలిదైనది. తిరిగి వచ్చినవారు ఆమెను గుర్తుపట్టలేదు కూడ. వారి కథను వారికే ఆమె చెప్పవలసి వచ్చినది. చెప్పి ముగించి, వారి సమక్షంలోనే కన్నుమూసినది.

మరుజన్మను నమ్మించటానికి తీసిన చిత్రంలో, మరుజన్మ లేని దుఃఖం ఎట్లుంటుందో ఈ పాత్ర చూపుతుంది. ఆదుర్తివారు, ముళ్ళపూడివారు ఉద్దేశించి చేసినారో లేదో గాని, మన సిద్ధాంతానికి దగ్గరైనది గోపి రాధలు కాదు, గౌరి. పోయినవారు పోయినారు. వారిని పిలువదు, రప్పించుకొనదు, కలలో కనబడమని వేడుకొనదు. సమాధి ఊడ్చి శుభ్రం చేయటమే ఆమెకు కాయకం. అయితే ఆమెను చూచి మురిసిపోయి ఊరుకొనటం కూడ నాకు సమ్మతం కాదు. ఆ ఊరిలో ఇన్నేండ్లలో ఒక్కరైనా ఆమె వద్దకు వచ్చి, ‘ఇక చాలు లేవమ్మా, ఇంటికి రా’ అన్నట్లు చిత్రంలో కనబడదు. రాధను తరిమిన ఊరే గౌరిని విడిచిపెట్టినది. త్యాగమూర్తి అని పేరు పెట్టి ఒక మనిషిని ఒంటరిగా వదలివేయుట మనకు అలవాటైన పని.

పైన చెప్పిన ఇంటిలో ఆడబిడ్డకు ఆడపిల్ల పుట్టినది. వాడే వస్తున్నాడన్న మాట అంతటితో ఆగిపోయినది. ఆ తల్లి ఏమీ నిరాశ పడలేదు, మనుమరాలిని ఎత్తుకొనే తిరిగినది. రెండేండ్ల తరువాత ఒకనాడు నా వద్దకు వచ్చి, కోడలికి సంబంధం చూడమని అడిగినది. అన్నది ఇంతే: “పిల్లోణ్ణి కూడా చూసుకునేవాడు కావాలి మాస్టారూ. మా ఇంట్లోంచే పంపుతాను.” బంధువులలో పెద్ద గొడవ జరిగినది. అయ్యగారిని అడిగినారా అన్నారు కొందరు. పిల్లవాని ఆస్తి ఏమగునన్నారు కొందరు. పోయినవాని ఆత్మ క్షోభించునని కూడ ఒకరన్నారు. లింగైక్యమైనవానికి క్షోభ ఎక్కడిదని నేనడిగితే జవాబు చెప్పలేదు. జాగరణ వేళ ఆ చిత్రాన్ని చూచి నవ్వు వస్తుందన్న జంగమ పెద్దయే ముందుకు వచ్చి, తానే నిలిచి జరిపిస్తానన్నారు. పట్టిసీమ వీరభద్రస్వామి సన్నిధిలో, ఇరువదిమందిమి పడవ దాటి వెళ్ళి ఆ వివాహం జరిపించినాము. పిలిచినవారిలో సగంమంది రాలేదు. పిల్లవాడు అవతలి రేవు వచ్చేదాకా తన నాయనమ్మ ఒడిలో నిద్రపోయినాడు.